చెప్పులతో ఎక్కేది పడవ కాదు

ఓడ మీదికి ఏం కట్టుకుని వెళ్లాలన్న గొడవ ఆ ఏడు వేసవంతా మా ఇంట్లో నడిచింది. చేపల వేట నిషేధం మొదలైన వారానికి మా మరిది వెంకీ ఫోన్ చేశాడు. అంతే, కొంప అంటుకుంది.

అసలే నిషేధం రోజులు మంచివి కావు. ఆ రెండు నెలలూ ఇంజిను పడవ నీళ్లలో దిగకూడదు. మగాళ్లు పడవల్ని ఇసుక మీదికి లాగేసి, చిరిగిన వలలు ముందేసుకుని కూర్చుంటారు. ఒక పూట కూర్చుంటే రెండో పూటకి విసుగు. ఆ విసుగంతా తెచ్చి ఇంట్లో దింపుతారు. కూరలో ఉప్పెక్కువైందంటారు, ఫ్యాను సరిగ్గా తిరగట్లేదంటారు, ఈ మిషను చప్పుడేమిటే చెవుల్లో అంటారు. ఆ మిషను నాదే. మా పాలెంలో సగం జాకెట్లు నా చేతి కుట్టే. నేను గరివిడి పిల్లని, మా నాన్నకి అక్కడి ఫ్యాక్టరీలో పని. సైరన్ మోతల మధ్య పెరిగినదాన్ని కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడటం నాకు చేతకాదు. సముద్రాన్ని మాత్రం పెళ్లయ్యాకే దగ్గరగా చూశాను.

వెంకీ ఒక క్రూయిజ్ షిప్పులో పనిచేస్తాడు. పనంటే కెప్టెన్ పక్కన టోపీ పెట్టుకుని నిలబడే పనేం కాదు. ఓడ అడుగున లాండ్రీలో వచ్చినవాళ్ల బట్టలూ దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేస్తాడు. వాడి ఫోను నాకే వచ్చింది.

"ఒదినా, మా ఓడ జూన్ల ఇశాపట్నం వస్తాది. పనోల్ల ఇంట్లోవాల్లకి ఒక రూమిస్తారంట. నాన్న, అమ్మ, అన్న, నువ్వు. రెండు రాత్రులు సముద్రం మీద తిప్పి మల్లీ ఇశాపట్నంలోనే దింపేస్తారు. బట్టలు మాత్రం నువ్వే సూసుకోవాల. లుంగీలూ నైటీలూ తెచ్చి నా పరువు తియ్యకండి."

మా అత్త మరిడమ్మ పక్కనే కూర్చుని ఎండుచేపల్లో ఇసుక దులుపుతోంది. ఓడంటే ఏమిటని అడగలేదు, ఎంతవుతుందని అడగలేదు. తల ఎత్తకుండానే ఒక్క మాట అడిగింది.

"ఒడ్డు కనిపించనంత దూరం ఎల్తాదేటి?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. మా పాలెంలో ఆడది పడవ ఎక్కదు. ఎవరూ గోడ మీద రాయలేదు, కానీ ఎక్కదు. పడవంటే గంగమ్మ తల్లి. మగాళ్లే చెప్పులు ఒడ్డున విప్పి, దణ్ణం పెట్టుకుని ఎక్కుతారు. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఇసుకలో నిలబడాలి. అత్త పెళ్లయిన నాటి నుంచీ అలా నిలబడింది. సముద్రం ఇచ్చినదాన్ని నెత్తిన పెట్టుకుని పూసపాటిరేగ, విజయనగరం తిరిగి అమ్మింది, కానీ సముద్రం మీద కాలు పెట్టలేదు. ఒడ్డు కనబడకుండా పోతే ఎలా ఉంటుందని మా మావ జోగయ్యని అడగని ఏడు లేదట. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏటుంటాది, నీల్లే."

ఆ సాయంత్రం ఓడ సంగతి చెప్పగానే మావ మొహంలో ఏమీ కనబడలేదు గానీ, ఆయన పక్కనున్న దాలయ్య లేచి నిలబడ్డాడు. దాలయ్య మావకి పడవలో జత. సొంత తమ్ముడు కాదు, అంతకన్నా ఎక్కువ. పడవ వాళ్లిద్దరిదీ. ఒకడు లేకుండా ఇంకొకడు వేటకి వెళ్లిన రోజు లేదు.

"ఓడైనా పడవైనా నీటిమీద తేలేదే కదేటి అన్నా? ఆడోల్లు ఎక్కితే తల్లి ఊరుకోదు. ఆ పెల్లికూతురు సంగతి మర్సిపోనావా?"

ఆ పెళ్లికూతురిని ఎవరం మర్చిపోలేదు. చలికాలంలో విజయనగరం నుంచి ఒక జంట పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకోడానికి మా ఒడ్డుకి వచ్చింది. ఎవరూ లేని వేళ చూసి ఆ పిల్ల ఎత్తుమడమల చెప్పులతో మా పడవెక్కి, చేతులు చాపి, జుట్టు ఎగరేసి ఫోటో దిగింది. మర్నాడు వల రాళ్లకి తగులుకుని మొత్తం పోయింది. రాళ్లు అంతకుముందూ ఉన్నాయి కదా అంటే దాలయ్య వినడు.

"నువ్వు ఒదిన్ని తీసుకుని ఆ ఓడెక్కితే, నిషేధం అయినాక నాను నీతో పడవెక్కను. మరి నీ ఇష్టం," అన్నాడు.

మావ చేతిలో ఉన్న వల ముడి బిగించాడు. "ఎల్లం. ఆడికి సెప్పీ," అన్నాడు నాతో.

అత్త ఏమీ అనలేదు. అనకపోవడమే వచ్చిన చిక్కు. మర్నాటి నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కడిగిన గిన్నెలే కడిగేది. మిట్టమధ్యాహ్నం ఇసుక కాలిపోతుంటే ఒడ్డుకి వెళ్లి, ఊరికే వెనక్కి వచ్చేది. ఉప్పు వేసిన చేపలకే మళ్లీ ఉప్పు వేసేది. మా ఆయన శివాజీ ఫోనులోంచి తల ఎత్తి, "అమ్మకేటైనాదే?" అని అడిగి, జవాబు వినకుండా మళ్లీ ఫోనులోకి దిగిపోయేవాడు. ఒకరోజు పాత చీరల కోసం వెతుకుతుంటే మంచం కింద పెట్టె కనబడింది. అటక మీద ఉండాల్సిన పెట్టె. తెరిస్తే ఆవిడ పట్టుచీరా, మావ పెళ్లినాటి పంచె, ఒక కొత్త దువ్వెన మడతలు పెట్టి ఉన్నాయి.

"ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నాదే అత్తా!" అని నవ్వబోయాను. వెనక నిలబడి ఉంది ఆవిడ. మొహం చూశాక నవ్వు రాలేదు.

"తీసేద్దారనే వచ్చినాన్లే," అని పెట్టె మూసి, అటక ఎక్కించకుండా అలాగే మంచం కిందికి తోసింది. నాకు మావ మీద కాదు, ఆ దాలయ్య మీద ఒళ్లు మండింది.

మండినంత మాత్రాన తిడితే పని కాదు. దాలయ్య మంచివాడు, పైగా రోజూ మా ఇంట్లోనే టీ తాగుతాడు. మర్నాడు టీలో చక్కెర కాస్త ఎక్కువ వేసి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. మావ అరుగు మీద ఉన్నాడు.

"సిన్మావా, పడవెక్కేటప్పుడు సెప్పులెక్కడ పెడతావు?"

"ఒడ్డునే. పడవమీదికి సెప్పులెలాగ ఎక్కిస్తాను? తల్లి కాదేటి?"

"సెప్పుల్తో ఎక్కితే ఏటవుద్ది?"

"కల్లు పోతాయి."

"ఆ ఓడలో బూట్లు లేకపోతే బోజనాల గదిలోకి రానియ్యరంట. ఎంకీ సెప్పినాడు. కెప్టెనూ బూట్లే, వంటోడూ బూట్లే. మరి ఆలందరికీ కల్లున్నాయి కదా?"

దాలయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి ఆలోచన వస్తే కనుబొమలు ముందు కదులుతాయి. "సెప్పుల్తో ఎక్కుతారా? అందరూనా?"

"అందరూ."

"అలాగైతే అది పడవ కాదు."

"మరేటి?"

"ఏదో లాడ్జీ. నీటిమీద లాడ్జీ."

"లాడ్జీకి ఆడోల్లు ఎల్లొచ్చా సిన్మావా?"

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. మావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వడానికే. దాలయ్య ఇరుక్కున్నానని తెలుసుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. కాసేపు గొణిగి, లేచి మావ ముందు చెయ్యి చాపాడు.

"సరే. ఎల్లు. కానీ దాని మీదున్నంతసేపూ నువ్వు బూట్లు ఇప్పకూడదు. తిన్నా, తొంగున్నా. ఇప్పినావంటే అది పడవే. ఒదిన పడవెక్కినట్టే. అప్పుడు నీకూ నాకూ సెల్లు. సేతిలో సెయ్యెయ్యి."

మావ ఆ చేతిలో చెయ్యి వేశాడు. ఆయన మాటంటే మాటే. లోపలికి వెళ్లి చూస్తే అత్త పెట్టె బయటికి లాగేసింది.

ఇక మొదలైంది అసలు గొడవ. బూట్ల కోసం బస్సెక్కి విజయనగరం వెళ్లాం. మావ పాదం చేటంత ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ తడి ఇసుకలోనూ పడవ అంచు మీదా నిలబడ్డ వేళ్లు, ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడివిడిగా ఉంటాయి. షాపువాడు ఏ బూటు తొడిగినా సగంలో ఆగిపోయింది. చివరికి వెడల్పు సరిపోయిన జత దొరికింది గానీ ముందు బెత్తెడు ఖాళీ. ఆ ఖాళీలో నేను జాకెట్ పీలికలు కుక్కాను. ప్యాంట్లు రెడీమేడ్‌వి కొని పొడవు తగ్గించాను. మావ రోజూ సాయంత్రం ప్యాంటూ బూట్లూ వేసుకుని ఇసుకలో నడక నేర్చుకునేవాడు. వలలు కుట్టే జనమంతా పని మానేసి చూసేవాళ్లు. దాలయ్య మాత్రం నవ్వకుండా, పరీక్ష పెట్టిన మేష్టారులాగ చేతులు కట్టుకుని నిలబడేవాడు.

వెంకీ దగ్గర్నుంచి రోజుకో కబురు. ఏసీ చలికి శాలువలు పట్టుకురండి. స్విమ్మింగ్ పూల్‌లో చీరతో దిగనివ్వరు. మొదటి రాత్రి భోజనానికి మంచి బట్టలు కట్టాలి. అక్కడితో ఆగినా బాగుండేది.

"రెండో సాయంత్రం అందరూ తెల్ల బట్టలే ఎయ్యాలమ్మా. డెక్ మీద పాటలూ డేన్సులూ ఉంటాయి. నీకో తెల్లసీర తీసుకో."

అత్త ఫోను లాక్కుంది. "నీ బాబు పక్కన బతికుండగా నన్ను తెల్లకోక కట్టమంటావేట్రా? సముద్రం మీదికెల్లి? ఎవుడు నేర్పినాడ్రా నీకీ సదువు?"

"అక్కడందరూ కడతారమ్మా, సేట్లూ, డాక్టర్లూ..."

"ఆల మొగుల్లు సముద్రం మీద బతకరు!"

నేను ఉపాయం చెప్పాను. కొత్తబట్టకి మూలన పసుపు పెడతాం కదా, తెల్లచీర మొత్తం పసుపునీళ్లలో ముంచి ఆరేద్దాం అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పసుపులో ముంచితే అది తెల్లదెలాగవుద్ది? తెల్లదైతే నానెలాగ కడతాను? ఆ పూట నాను రానని సెప్పీ."

నాకు మాత్రం తెల్ల చుడీదార్ కుట్టుకున్నాను, శివాజీకి తెల్ల చొక్కా కొన్నాను. పెట్టె సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం అయ్యింది. మే నెల ఉక్కలో ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మావ పెట్టెలో తువ్వాళ్లు ఎక్కువ పెట్టేవాడు. శివాజీ తీసి సెంటు సీసా పెట్టేవాడు. అత్త ఒక చీర విషయంలో మొండికేసింది. రోజూ చేపల బుట్టతో వెళ్లేటప్పుడు కట్టే ఎర్ర నేతచీర, ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోనిది. నేను తీసేస్తే ఆవిడ పెట్టేది. చివరికి దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పట్టుచీర కింద దాచింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

విశాఖ రేవులో ఓడని చూశాక నలుగురం నోళ్లు తెరిచాం. ఎక్కడానికి వంతెనలాంటిది వేశారు. దాని మొదట్లో మావ ఆగిపోయాడు. ఆయన చెయ్యి దానంతటదే బూటు తాడు మీదికి వెళ్లింది. ఒంగి, తాడు పట్టుకుని, గుర్తొచ్చి మళ్లీ నిటారుగా లేచాడు. కళ్లు తిరిగాయేమోనని సెక్యూరిటీవాడు పట్టుకోబోయాడు. మావ బూట్లతోనే వంతెన మీద అడుగేశాడు, అత్త ఆయన వెనకే ఎక్కింది.

ఆ తర్వాత చెకింగులు, రూము తాళాలు, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో పాఠం, భోజనాల దగ్గర లైను. కాళ్ల కింద తివాచీ, తల మీద దీపాలు, లిఫ్టులో సంగీతం. అత్త ఒకటే అడుగుతోంది, "ఒడ్డు ఇంకా కనిపిస్తన్నాదేటే?" అని. మా రూముకి కిటికీ లేదు. అన్నీ ముగించుకుని పైకి వెళ్లేసరికి చీకటి పడిపోయింది. ఒడ్డు ఎప్పుడు పోయిందో ఆవిడ చూడనే లేదు. ఆ మొహం చూసి మా అందరి ఉత్సాహం చచ్చిపోయింది.

పొద్దున్న భోజనశాలలో అద్దం పక్కన కూర్చోబెట్టాం. చుట్టూ నీళ్లే. అత్త ఇడ్లీ ముట్టకుండా అటే చూసింది. "బాగున్నాదా?" అన్నాను.

"టీవీలో సూసినట్టున్నాది," అంది.

మావ కుంటుతున్నాడు. రాత్రి కూడా బూట్లతోనే పడుకున్నాడు. వెంకీ డ్యూటీ మధ్యలో ఒక్క నిమిషం రూముకి వచ్చి, తెల్లదుప్పటి మీద బూటు మరకలు చూసి గుండెలు బాదుకున్నాడు. "ఆ దుప్పట్లు ఉతికేది నానే నాన్నా!" మావ పక్కకి తిరిగి పడుకున్నాడు. అత్త ఆ బూట్ల వైపు అదోలా చూడటం అప్పుడే గమనించాను. ఆ రోజంతా ఆవిడ రూములో ఉండదు, పైన ఉండదు. లిఫ్టు ఎక్కుతుంది, దిగుతుంది. వరండాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంది. ఇంతగా ఎగబడి వచ్చి ఇదేమిటని నాకు విసుగూ వచ్చింది, దిగులూ వేసింది.

సాయంత్రం ఓడంతా తెల్లబట్టలు. నేనూ శివాజీ పైకెళ్లాం. పాటలు హోరెత్తుతున్నాయి, మా ఆయన ఎవరో మార్వాడీ పిల్లల మధ్య చేతులెత్తి గెంతుతున్నాడు. అత్తామావలు తిన్నారో లేదో కనుక్కుందామని రూముకి వెళ్తే ఇద్దరూ లేరు. వెతుక్కుంటూ ఓడ వెనక వైపు కింది డెక్‌కి వెళ్లాను. అక్కడ అద్దాలు లేవు, తివాచీ లేదు, చెక్క పలకలే. జనమంతా పాటల దగ్గరుండటంతో ఖాళీగా ఉంది. అత్త ఆ ఎర్ర నేతచీర కట్టుకుని, పనిలోకి దిగినట్టు కుచ్చెళ్లు పైకి దోపి, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కన మావ. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఎలాగున్నాది?" అని మావ అడిగాడు.

"ఏటి ఎలాగున్నాది?"

"సముద్రం. పెల్లైన కాన్నుంచి నా బుర్ర తినేసినావు కదా."

"నాను సముద్రం మీదికి ఎక్కడొచ్చినాను? లాడ్జీకొచ్చినాను."

మావకి అర్థం కాలేదు.

"నీ కాలికి బూట్లున్నంతసేపూ ఇది పడవ కాదని నువ్వూ దాలయ్యా సెయ్యిలేసుకున్నారు. పడవ కానప్పుడు నానేటి ఎక్కినట్టు? ఇంటికెల్లినాక సముద్రం సూసొచ్చినానని ఏ మొకంతో సెప్పను?" అని అత్త ఆయన కాళ్ల వైపు చూసింది. "ఇప్పీ."

"ఇప్పితే పడవైపోద్ది మరిడీ."

"అయిపోనీ."

"మాటిచ్చినాను. ఆడు నిజంగానే ఒగ్గేస్తాడు. ఆడు లేకపోతే నాకు ఏట లేదు, నీకు తెల్దా?"

"మాటిచ్చినోడివి నువ్వు. నానివ్వలేదు. దాలయ్యకి నాను సెప్తాను."

మావ సముద్రం వైపు తిరిగాడు. కూడదంటాడని నేను అనుకున్నాను. తర్వాత అక్కడున్న కుర్చీలో కూర్చుని తాడు లాగాడు. ముడి బిగుసుకుపోయింది. తడి వలలో ఎలాంటి చిక్కైనా విడదీసే చేతులు, ఆ ముడి దగ్గర తడబడ్డాయి. అత్త కింద కూర్చుని పళ్లతో కొరికి ఊడదీసింది. లోపలి పీలికలకి నెత్తురంటింది. రెండు మడమలూ చర్మం లేచిపోయి ఉన్నాయి. ఆవిడ తన చెప్పులు కూడా విప్పి, ఆ బూట్ల పక్కన పెట్టి, లేచి ఆయన పక్కన నిలబడింది. ఎవరూ దణ్ణం పెట్టలేదు. కాసేపు ఇద్దరూ పలకల మీద పాదాలు ఆనించి, ఏదో వింటున్నట్టు ఉన్నారు.

"మొదటిసారి ఒడ్డు పోయినప్పుడు నాను ఏడిసినాను," అన్నాడు మావ.

అత్త తల తిప్పింది.

"సిన్నోన్ని. ఏపక్క సూసినా ఇల్లు లేదు, కొండ లేదు. ఏడిస్తే మా అయ్య నెత్తిమీద కొట్టినాడు. ఇప్పుడూ అంతే. ఏడవను గానీ, ఒడ్డు పోయినప్పుడల్లా కడుపులో సల్లగయిపోద్ది. మల్లీ కొండ కనిపించిందాకా అలాగే ఉంటాది."

"మరి నాకు నీల్లే అని సెప్తావేటి, ఇన్నాల్లూ?"

"ఏటి సెప్పమంటావు? బయమేస్తాదని సెప్తే నువ్వు పొద్దున్న కేరేజీ కట్టి పంపగలవేటి?"

అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. మావ అంతసేపు మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. నీటి రంగు ఎక్కడ మారుతుందో, గాలి తిరిగే ముందు ఏం వాసన వస్తుందో, తుపాను రోజున దాలయ్యా తనూ ఒకరినొకరు తాడుతో కట్టుకుని ఎలా కూర్చున్నారో చెప్పుకుంటూ పోయాడు. చప్పుడు చెయ్యకుండా పైకి వెళ్లిపోయాను. పాటల్లో ఎవరో నా చెయ్యి పట్టి లాగారు గానీ నేను గెంతలేకపోయాను.

మూడో రోజు సాయంత్రానికి పాలెం చేరాం. ఆటో దిగామో లేదో జనం మూగారు. ఏం తిన్నారు, ఏం చూశారు, ఓడ ఊగిందా అని ప్రశ్నలు. దాలయ్య వెనకాల నిలబడి, అందరూ అడగడం అయ్యాక ముందుకొచ్చాడు. మావ నోరు తెరవబోతే అత్త అడ్డం వచ్చింది.

"దాలయ్యా, మీ అన్న బూట్లు ఇప్పినాడు. నానే ఇప్పించినాను. నానూ ఇప్పినాను. పడవే ఎక్కినాను."

దాలయ్య మావ వైపు చూశాడు, మావ కాదనలేదు. దాలయ్య నేరుగా ఒడ్డుకి పోయి, పడవలోంచి తన తాడూ, తన నీళ్లడబ్బా, పాత రెయిన్‌కోటూ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నిషేధం చివరి రోజులు మా ఇంట్లో పీనుగు లేచినట్టే నడిచాయి. టీ టైముకి మావ చూపు వీధి మీదే. ఇంజిను విప్పి తుడిచి బిగించేవాడు, మళ్లీ విప్పేవాడు. దాలయ్య స్థానంలో తామొస్తామని ఇద్దరు ముగ్గురు అడిగారు, మావ ఎవరికీ మాట ఇవ్వలేదు. పాలెంలో గుసగుసలు. ఈ ఏడు చేప పడకపోతే అది మరిడమ్మ ఖాతాలోకే వస్తుందని అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. తప్పు చేశావత్తా అని ఒక్కరోజు నోరు జారాను. "తప్పో ఒప్పో, సూసినాను," అని ఆవిడ చేపల బుట్టకి పేడ అలకడంలో పడింది. అప్పుడు ఆవిడంటే నాకు భయం వేసింది, మొదటిసారి గౌరవం కూడా కలిగింది.

నిషేధం తీరిన తెల్లవారుజామున పడవలన్నిటికీ పసుపు రాసి కొబ్బరికాయలు కొట్టారు. ఇంజిన్ల పొగ, డప్పులు, అరుపులు. మా పడవ చుట్టూ మాత్రం మేమే ఉన్నాం. మావ, శివాజీ, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. ఒక్కొక్క పడవే కెరటం దాటి వెళ్లిపోతోంది. మావ అటూ ఇటూ చూస్తూ, లేని పని కల్పించుకుంటున్నాడు. అత్త పళ్లెం పట్టుకుని ఇసుకలో నిలబడింది.

దాలయ్య వచ్చాడు. నెత్తికి తువ్వాలు, చేతిలో క్యారేజీ, భుజాన తాడు. మావ వైపు చూడలేదు. తిన్నగా అత్త ముందుకొచ్చి ఆగాడు. తిట్టడానికే వచ్చాడనుకుని నేను ముందుకి ఒకడుగు వేశాను.

"ఒదినా, ఒక మాట అడుగుతాను సెప్పు. రాత్రేల పెద్ద ఓడలు మా పక్కనుంచే ఎల్తాయి. మేం టార్చిలైట్లు ఊపుతాం, అరుస్తాం. ముప్పయ్యేల్లుగా ఊపుతన్నాం. ఆ పైనున్నోల్లకి మేం కనిపిస్తామేటి?"

పాలెంలో ఆ జవాబు చెప్పగలిగిన మనిషి ఇంకొకరు లేరు. అత్త అబద్ధం చెప్తే బాగుణ్ననిపించింది నాకు.

"ఇంజిను పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కదా, రెండో పొద్దున్న ఒక్క తెరసాప తెప్ప కనిపించినాది. ఆవగింజంత. ఎవులూ సూడలేదు. నాను ఎతుకుతన్నాను గాబట్టి కనిపించినాది." ఆవిడ పళ్లెం ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అంత పైనుంచి సూస్తే దాని మీదున్నది మగోడో ఆడదో కూడా తెల్దు దాలయ్యా."

దాలయ్య క్యారేజీ పడవలో పెట్టి, మావ పక్కన పడవకి భుజం ఆనించి తోశాడు.